ఇంటి చదువులో పెద్దవాళ్ల పాత్ర

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి, ఏటా ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ గురించి మాట్లాడుకుంటాం. అవి అవసరమే. అయితే ఈసారి కార్యదర్శిగారు, "మీ మనవరాలిని రెండేళ్లు ఇంట్లోనే చదివించారట కదా, ఆ సంగతి మనవాళ్లకు చెప్పండి" అన్నారు. మనలో చాలామంది ఇళ్లలో కొడుకూ కోడలూ, లేదా కూతురూ అల్లుడూ ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తున్నారు. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలు పగటిపూట మన దగ్గరే ఉంటున్నారు. కాబట్టి ఈ విషయం ఒక్క మా ఇంటికి సంబంధించినది కాదనిపించి ఒప్పుకున్నాను.

ముందుగా ఒక మనవి. నేను ఉపాధ్యాయుణ్ణి కాను. ముప్పై రెండేళ్లు నీటిపారుదల శాఖలో డ్రాయింగు బల్ల దగ్గర పనిచేసినవాణ్ణి. కనుక సిద్ధాంతాల జోలికి ఎక్కువగా పోను. చేసి చూసినదీ, చదివి తెలుసుకున్నదీ చెబుతాను. నేను చెప్పదలచిన ముఖ్య విషయం ఒక్కటే. ఇంట్లో చదువు చెప్పడమంటే ఇంట్లో బడి పెట్టడం కాదు. పిల్లకు దేని మీద మనసు ఉన్నదో అక్కడి నుంచే చదువు మొదలుపెట్టాలి. దానితోపాటు పెద్దవాళ్లు రోజూ తప్పకుండా చేయవలసిన పనులు ఒకటి రెండు ఉంటాయి. ఆసక్తి ఒక్కటే ఉండి ఈ రోజువారీ పని లేకపోతే చదువు గాలిలో దీపమవుతుంది. రోజువారీ పని ఒక్కటే ఉండి ఆసక్తి లేకపోతే అది మళ్లీ బడే అవుతుంది.

మా ఇంట్లో ఈ పరిస్థితి ఎందుకు వచ్చిందో క్లుప్తంగా చెబుతాను. మా మనవరాలిది ఎడమచేతి వాటం. అయిదేళ్లప్పుడు ఒక ప్రైవేటు బడిలో చేర్చాం. అక్కడ ఎడమచేత్తో పెన్సిలు పట్టుకున్నప్పుడల్లా వేళ్ల మీద స్కేలుతో కొట్టేవారు. ఆ సంగతి పిల్ల చాలాకాలం చెప్పలేదు. పొద్దున్నే కడుపునొప్పి అనేది. సెలవురోజున మాత్రం నొప్పి ఉండేది కాదు. డాక్టరుగారు పరీక్ష చేసి, "ఒంట్లో ఏమీ లేదు, బడిలో ఏం జరుగుతోందో కనుక్కోండి" అన్నారు. 2022 వేసవి నాటికి పుస్తకం చూస్తేనే ముఖం తిప్పుకునే స్థితికి వచ్చింది. అప్పటికి దానికి అయిదున్నర ఏళ్లు.

మా అబ్బాయి, "ఒక ఏడాది పోయిందంటే నలుగురిలో వెనకబడిపోతుంది నాన్నగారూ" అని భయపడ్డాడు. మా కోడలు, "వెనకబడితే అందుకోవచ్చు మామయ్యగారూ, చదువంటేనే భయం పట్టుకుంటే దాన్ని ఎవరు వదిలిస్తారు?" అన్నది. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. బంధువుల్లో కొందరు, పిల్ల మందమతి కాబట్టే బడి మాన్పించారని చెవులు కొరుక్కున్నారు. చివరకు పిల్ల తల్లిదండ్రులే నిర్ణయం తీసుకున్నారు. పగటిపూట చూసుకునే పని నాకూ నా శ్రీమతికీ అప్పగించారు.

ఇంట్లో చదువు మన దేశానికి కొత్తది కాదు. రవీంద్రనాథ్ ఠాగూరు బడిలో ఇమడలేక ఎక్కువగా ఇంట్లోనే చదువుకున్నారు. ఆ అనుభవమే 1901లో శాంతినికేతనంలో చెట్ల కింద బడి పెట్టడానికి దారితీసింది. గుజరాత్‌లో గిజూభాయి బధేకా అనే వకీలు, తనకు కొడుకు పుట్టాక చిన్నపిల్లల చదువు గురించి ఆలోచించడం మొదలుపెట్టి, వకీలు వృత్తి మానుకుని, 1920లో భావనగర్‌లో బాలమందిరం ప్రారంభించారు. ఆయనను అక్కడివారు మీసాలున్న అమ్మ అని పిలిచేవారు. ఆయన పుస్తకం పగటికల పేరుతో తెలుగులోనూ దొరుకుతుంది. ఇటలీ దేశస్థురాలు మరియా మాంటిసోరి 1907లో రోము నగరంలోని ఒక పేదల పేటలో పిల్లల ఇల్లు తెరిచారు. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. అప్పటికి ఆమె వయసు 69. అరవై దాటగానే మన పని అయిపోయిందనుకునేవాళ్లం ఈ అంకె గుర్తుంచుకుంటే మంచిది.

మన ప్రాంతానికి దగ్గరలో మరో రెండు ఉదాహరణలు ఉన్నాయి. డేవిడ్ హార్స్‌బరో అనే ఆంగ్లేయుడు 1972లో కర్ణాటకలోని కోలారు జిల్లాలో, మన సరిహద్దుకు దగ్గరగా నీల్‌బాగ్ అనే చిన్న బడి పెట్టారు. అక్కడ పరీక్షలు లేవు, శిక్షలు లేవు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వారు పల్లె బడుల కోసం కార్డుల పద్ధతి తయారుచేశారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడదీసి, ఏ పిల్లవాడు ఎంతవరకు వచ్చాడో అక్కడి నుంచే ముందుకు వెళ్లేటట్టు ఏర్పాటు చేశారు. ఒకే గదిలో నాలుగు తరగతుల పిల్లలు కూర్చున్నా, ఎవరి వేగం వారిది. ఇది ఇంటికి కూడా సరిపోయే ఆలోచన.

మరోవైపు ఒక హెచ్చరిక కూడా చరిత్రలోనే ఉంది. గాంధీగారు దక్షిణాఫ్రికాలో ఉన్నప్పుడు తన కొడుకులను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించాలనుకున్నారు. ఉద్యమాల మధ్య వారికి తగినంత సమయం ఇవ్వలేకపోయారు. ఆ సంగతి ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు. తనకు సరైన చదువు లేకుండా పోయిందన్న బాధ పెద్ద కొడుకు హరిలాల్‌ను విడిచిపెట్టలేదు. అంతటివారి ఇంట్లోనే అలా జరిగింది. కాబట్టి ఇంట్లో చదివిస్తామని మాట ఇచ్చేముందు, రోజుకు ఎన్ని గంటలు నిజంగా ఇవ్వగలమో లెక్క చూసుకోవాలి. ఆ లెక్కలో పెన్షనరుకు ఉన్న సౌకర్యం ఇంకెవరికీ లేదు.

ఇక మేము చేసిన పని చెబుతాను. మొదటి పదిహేను రోజులూ ఏమీ చెప్పలేదు. నేను ఒక పాత డైరీ తీసుకుని, పిల్ల రోజంతా ఏం చేస్తుందో, ఏం అడుగుతుందో రాసుకున్నాను. మూడో రోజుకే ఒక సంగతి తేలింది. సాయంత్రం గోదావరి గట్టుకు తీసుకెళ్తే అది చూసేదల్లా రైలు వంతెనలనే. మన ఊరికి రైలు వంతెనలు మూడు. ఒకటి 1900లో తెరిచిన పాత హేవలాక్ వంతెన. రెండోది 1974లో వచ్చిన రోడ్డు కం రైలు వంతెన. మూడోది 1997లో పూర్తయిన విల్లు ఆకారపు వంతెన. "తాతయ్యా, ఆ వంతెన మీద రైలు ఎందుకు వెళ్లదు?" అని అడిగింది. పాత వంతెన మీద 1997లోనే రైళ్లు ఆపేశారని చెప్పాను. "అయితే అది రిటైరైందా?" అన్నది. ఆ ప్రశ్నతోనే మా చదువు మొదలైంది.

వంతెన చూశాక పడవ చూసింది. పడవ అనే మాటలో మూడు అక్షరాలు ఉన్నాయి. గుణింతం లేదు, ఒత్తు లేదు. ఆ మూడింటికీ ల, క అనే రెండు అక్షరాలు కలిపాం. ప, డ, వ, ల, క. ఈ అయిదు అక్షరాలతో ఎన్ని మాటలు వస్తాయో చూడండి. పడవ, వల, వడ, కల, పలక, పడక, కడవ, కలప, కడప, పకపక, కలకల. యాభై ఆరు అక్షరాలూ వరుసగా నేర్చుకున్నదాకా ఒక్క మాట కూడా చదవలేని పద్ధతికీ, అయిదు అక్షరాలతో పదకొండు మాటలు చదవగలిగే పద్ధతికీ తేడా ఇదే. మొదటి వారంలోనే పిల్లకు తాను చదువుతున్నానన్న నమ్మకం కలిగింది. అక్షరాలను అట్టముక్కల మీద రాసి ఇచ్చాం. పేకముక్కల్లా కలిపి ఆడుకునేది. ఆ తరువాత వంతెన అనే మాట కావాలన్నది. అందులో సున్నా వచ్చింది, ఎత్వం వచ్చింది. రైలు అన్నప్పుడు ఐత్వం, ఉకారం వచ్చాయి. గుణింతాలు వరుసగా కాకుండా అవసరాన్ని బట్టి వచ్చాయి. వర్ణమాల వరుస తరువాత నేర్పాం. నిఘంటువు చూడడానికి అది కావాలి కదా.

పెన్సిలు ఎడమచేత్తోనే పట్టుకోనిచ్చాం. ఎడమచేతి వాటం రోగం కాదు, చెడ్డ అలవాటు కాదు, పుట్టుకతో వచ్చేది. అలాంటి పిల్లలు రాసేటప్పుడు పుస్తకం పై అంచును కొంచెం కుడివైపుకు వాల్చి పెట్టుకుంటే, రాసినది చేతి కింద మరుగున పడదు. బల్ల దగ్గర వెలుతురు కుడివైపు నుంచి వచ్చేటట్టు చూశాం. ఈ రెండు చిన్న మార్పులతోనే దాని రాత చాలా నిదానపడింది. ఇక్కడే మరొక మాట. పిల్లకు చదువు రావడం లేదని అనుకునే ముందు కళ్లూ చెవులూ పరీక్ష చేయించండి. బోర్డు కనబడని పిల్లలనూ, చెప్పినది సరిగా వినబడని పిల్లలనూ మొద్దులని తిట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

ఆ ఏడాది జూలైలోనే గోదావరికి పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగుల నీటిమట్టానికి ఇస్తారు. రెండోది 13.75 అడుగులకు, మూడోది 17.75 అడుగులకు. 2022 జూలైలో మూడో హెచ్చరిక కూడా దాటింది. రోజూ పేపరులో వచ్చే నీటిమట్టాన్ని నేను చదివేవాణ్ణి. గళ్ల కాగితం మీద పిల్ల చుక్క పెట్టేది. చుక్కలు కలిపితే గీత పైకి వెళ్లింది, కొన్నాళ్లకు కిందికి దిగింది. దశాంశాలు దానికి తెలియవు. "నిన్నటికంటే ఎక్కువా, తక్కువా" అన్నది మాత్రం బాగా తెలిసింది. ముంపు గ్రామాల వాళ్లు ఏమయ్యారని అడిగింది. నేను ఉద్యోగంలో ఉండగా ఇలాంటి పటాలు ఎన్నో గీశాను గాని, అయిదున్నరేళ్ల పిల్ల దాన్ని అంత శ్రద్ధగా గీస్తుందని ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాను.

లెక్కల సంగతికి వస్తే, చింతపిక్కలకు మించిన సాధనం లేదు. పదేసి పిక్కలు ఒక చిన్న గుడ్డసంచిలో కట్టాం. అవి పదులు, విడి పిక్కలు ఒకట్లు. పాత వంతెనకూ రెండో వంతెనకూ మధ్య ఎన్నేళ్లు, రెండో దానికీ మూడో దానికీ మధ్య ఎన్నేళ్లు అనే తీసివేతలు ఏడో ఏట ఆ సంచులతోనే చేసింది. ఒక సంచి విప్పితే పది ఒకట్లు అవుతాయని చేత్తో చూశాక, అప్పు తెచ్చుకోవడం అనే తంతు విడిగా చెప్పవలసిన పని లేకపోయింది. వామనగుంటలు, అష్టాచమ్మా, వైకుంఠపాళీ అన్నీ లెక్కలే. వంటింట్లో నా శ్రీమతి బియ్యం కొలిపించేది, ఇడ్లీపిండికి ఒక గ్లాసు పప్పుకు రెండు గ్లాసుల రవ్వ అని చెప్పి వేయించేది. "మామ్మా, ఇవాళ ఒకటిన్నర గ్లాసు పప్పు పోస్తే రవ్వ ఎంత?" అని ఒకరోజు తానే అడిగింది. చిల్లర సామాను కొట్లో నోట్లు ఇచ్చి చిల్లర లెక్కపెట్టి తెచ్చేది.

ఇంజనీరుగా చదివి పిల్లల బొమ్మల తయారీకే జీవితం అంకితం చేసిన అరవింద్ గుప్తాగారి పేరు మీరు వినే ఉంటారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పారేసే వస్తువులతో బొమ్మలు చేయడం ఆయన పద్ధతి. అగ్గిపుల్లలూ, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలూ కలిపి ఆకారాలు చేయడం ఆయన పుస్తకంలో ఉంది. అలాగే చేశాం. చదరం చేసి నొక్కితే పక్కకు ఒరిగిపోతుంది. త్రికోణం ఎంత నొక్కినా కదలదు. తరువాత రోడ్డు కం రైలు వంతెన దగ్గరకు తీసుకెళ్తే, ఇనుప దూలాల మధ్య ఉన్న త్రికోణాలన్నీ పిల్లే చూపించింది. కారణం కూడా తానే చెప్పింది.

ఇప్పుడు రోజూ తప్పని పనులు చెబుతాను. మేము రెండే పెట్టుకున్నాం. ఒకటి, భోజనమయ్యాక అరగంట పైకి చదవడం. సగం నేను చదవాలి, సగం అది చదవాలి. రెండు, పావుగంట లెక్కలు, పావుగంట రాత. ఒంట్లో బాగాలేని రోజు తప్ప ఇవి మానలేదు. కుదురుగా కూర్చునే చదువు మొత్తం రోజుకు గంట మించలేదు. చిన్నపిల్లకు అంతకంటే అక్కరలేదు. మిగతా సమయమంతా ఆటా, ప్రశ్నలూ, పనులూ.

పుస్తకాల సంగతి చాలామంది అడుగుతుంటారు. ఒకే పుస్తకం మీద ఆధారపడవద్దని నా సలహా. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు మనం అనుకునేదానికంటే చాలా బాగున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 తరువాత వచ్చిన పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉండడం తాతలకూ మనవలకూ ఇద్దరికీ ఉపయోగమే. వాటితోపాటు అటకమీద ఉన్న పాత చందమామల బౌండు పుస్తకాలు దింపాం. నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు, మంచి పుస్తకం వారి చిన్న పుస్తకాలు కొన్నాం. జపానులో ఒక విచిత్రమైన బడి కథ రైలుబడి నేను చదివి వినిపించాను. ఫోనులో స్టోరీవీవర్ అనే చోట తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. అవి నేను పక్కన ఉన్నప్పుడే చూడనిచ్చాను. ఫోను పిల్ల చేతికిచ్చి మనం పేపరు చదువుకుంటే దాన్ని చదువు అనలేం.

గ్రంథాలయం మాట మరవకండి. మనం కట్టే ఇంటిపన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంటుంది. డబ్బు కట్టి పుస్తకం తెచ్చుకోకపోవడం పెన్షనరు చేయవలసిన పని కాదు. వారానికి ఒకరోజు గ్రంథాలయానికి వెళ్లి, తన పుస్తకం తానే ఎంచుకుని, రిజిస్టరులో తన పేరు తానే రాసేది. మనుషులు కూడా పుస్తకాల వంటివాళ్లే. మా వీధి దర్జీ టేపుతో కొలవడం నేర్పాడు. పోస్టాఫీసుకు తీసుకెళ్లి, విశాఖపట్నంలో ఉన్న దాని అమ్మమ్మకు కార్డు వేయించాను. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూశాం. 1847 నుంచి 1852 వరకు ఆనకట్ట ఎలా కట్టారో నాకు తెలిసినంత చెప్పాను.

ఇంతవరకు మంచి చెప్పాను. కష్టాలు కూడా చెప్పాలి. మొదటిది, తోటిపిల్లలు. ఇంట్లో ఎంత ప్రేమ ఉన్నా ఆరేళ్ల పిల్లకు ఆరేళ్ల స్నేహితులు కావాలి. ఓడిపోవడం, పంచుకోవడం, అలిగి మళ్లీ కలవడం తాత దగ్గర నేర్చుకోలేరు, ఎందుకంటే తాత కావాలనే ఓడిపోతాడు. సాయంత్రం రెండు గంటలు వీధి పిల్లలతో ఆట తప్పనిసరి చేశాం. రెండోది, మన ఆరోగ్యం. నా శ్రీమతికి మోకాలి ఆపరేషను అయినప్పుడు నెలరోజులు మా కోడలు సెలవు పెట్టవలసి వచ్చింది. ఇంటి చదువు మొదలుపెట్టే ముందే, మనకు ఒంట్లో బాగాలేకపోతే ఎవరు చూస్తారన్నది తేల్చుకోవాలి. మూడోది, మన హద్దు. పిల్ల వాళ్ల పిల్ల, నిర్ణయం వాళ్లది. "మా కాలంలో" అని మొదలుపెట్టి కోడలి మాట కొట్టేస్తే, చదువు సంగతి అటుంచి ఇంట్లో శాంతి కూడా ఉండదు. ప్రతి ఆదివారం డైరీ ముందు పెట్టుకుని నలుగురం కూర్చుని, ఆ వారం ఏం జరిగింది, వచ్చే వారం ఏం చేయాలి అని మాట్లాడుకునేవాళ్లం. ఆ డైరీ వల్ల మా అబ్బాయి భయం చాలావరకు తగ్గింది. పిల్ల ఏం నేర్చుకుంటోందో తారీఖులతో సహా కనబడింది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని అందులో ఉంది. ఇంటి చదువు అనే మాట ఆ చట్టంలో లేదు. అలా చేసిన తల్లిదండ్రులకు ఫలానా శిక్ష అని కూడా అందులో రాయలేదు. అదే చట్టంలో మరొక మంచి ఏర్పాటు ఉంది. బడి మానిన పిల్ల, లేదా ఎన్నడూ బడికి వెళ్లని పిల్ల వస్తే, వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పెద్ద పిల్లలకు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఉంది. 3, 5, 8 తరగతులకు సమానమైన స్థాయిలు, ఆపైన పదో తరగతి పరీక్ష దాని ద్వారా రాయవచ్చు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూలు సొసైటీలు ఉన్నాయి. దారులు పూర్తిగా మూసుకుపోవు. అయినా ఈ పని ఎప్పటివరకు అన్నది ముందే అనుకోవడం మంచిది.

అమెరికాలో పిల్లలున్నవారు మన సభలో చాలామంది ఉన్నారు. అక్కడ 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమే. నిబంధనలు మాత్రం ఒక్కో రాష్ట్రంలో ఒక్కో విధంగా ఉంటాయి. టెక్సాస్‌లో చాలా తక్కువ. న్యూయార్కులో ముందుగా తెలియజేయాలి, వివరాలు సమర్పించాలి. జర్మనీలో అయితే పిల్లలను బడికి పంపి తీరాలి. మీరు అక్కడికి వెళ్లినప్పుడు, లేదా వీడియోలో మాట్లాడేటప్పుడు, "అ ఆలు చెప్పు" అని పరీక్ష పెట్టకుండా, మనవడికి ఇష్టమైన వస్తువు గురించి తెలుగులో అడిగి చూడండి. పదిహేను రోజుల్లో మీకే తేడా తెలుస్తుంది.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఇంటి చదువు పేరు చెప్పి ఆడపిల్లను ఇంటిపనికీ, చంటిపిల్లల కాపలాకూ ఉంచేయడం, డబ్బు లేక బడి మాన్పించి కూలికి పంపడం వేరు. దానికి చదువు అనే పేరు చెల్లదు. అలాంటిది మన వీధిలో కనబడితే, ఆ పిల్లను దగ్గర్లోని ప్రభుత్వ బడిలో చేర్పించడం మన బాధ్యత. సర్కారు జీతం తిన్న మనకు ఆ మాత్రం దారి తెలుసు.

మా మనవరాలిని 2024 జూన్‌లో, ఏడున్నర ఏళ్లప్పుడు, పురపాలక పాఠశాలలో రెండో తరగతిలో చేర్చాం. ముందుగా వెళ్లి ప్రధానోపాధ్యాయురాలితో ఎడమచేతి సంగతి చెప్పాం. ఆమె నవ్వి, తమ తరగతిలో అలాంటివాళ్లు ఇంకా ఇద్దరున్నారన్నారు. చదవడంలో, ప్రశ్నలు అడగడంలో తోటివారితో సమానంగా, కొంచెం ముందుగానే ఉంది. రాతలో వేగం తక్కువ. గంటల తరబడి ఒకేచోట కూర్చోవడానికి అలవాటుపడేందుకు మూడు నెలలు పట్టింది. బోర్డు మీది పాఠం పూర్తికాకుండానే చెరిపేస్తున్నారని మొదట్లో ఏడ్చేది. కడుపునొప్పి మాత్రం మళ్లీ రాలేదు. మా అబ్బాయి భయపడినట్టు ఏడాది పోయిందా అంటే, పిల్లకు చదువు మీద ఇష్టం తిరిగి వచ్చింది కాబట్టి పోలేదనే నా అభిప్రాయం.

మిత్రులారా, అందరూ పిల్లలను బడి మాన్పించండని నేను చెప్పడం లేదు. మంచి బడి ఉంటే బడికే పంపండి. బడికి వెళ్లే పిల్లకైనా సాయంత్రం ఒక గంట ఇదే పద్ధతి పనికొస్తుంది. ముందు పది రోజులు ఏమీ చెప్పకుండా గమనించండి. పిల్ల అడిగిన ప్రశ్న రాసుకోండి. రోజూ అరగంట కలిసి చదవండి. మీరు ఉద్యోగంలో చేసిన పని ఏదైనా, దాన్ని పిల్లకు చూపించండి. ఖజానాలో పనిచేసినవారికి లెక్కలున్నాయి, ఆసుపత్రిలో పనిచేసినవారికి శరీరం గురించి తెలుసు, ఆర్.టి.సి.లో పనిచేసినవారికి ఊళ్లన్నీ తెలుసు, అటవీ శాఖ వారికి చెట్ల పేర్లు తెలుసు. ఇంత పరిజ్ఞానం మన సంఘంలో ఊరికే కూర్చుని ఉంది.

చివరగా కార్యవర్గానికి ఒక విజ్ఞప్తి. మన సంఘ భవనం శనివారం సాయంత్రాలు ఖాళీగానే ఉంటుంది. ఆ రెండు గంటలు సభ్యుల మనవలకూ, చుట్టుపక్కల పిల్లలకూ తెరిచి ఉంచుదాం. ఒక బీరువాలో వంద బొమ్మల పుస్తకాలు, ఒక సంచి చింతపిక్కలు, నాలుగు చాపలు చాలు. వారానికి ఇద్దరు సభ్యులు వంతు తీసుకుంటే సరిపోతుంది. మొదటి నెల వంతు నాదీ, నా శ్రీమతిదీ. పేరు ఇవ్వదలచినవారు సభ ముగిశాక కార్యదర్శిగారి దగ్గర రాయించవలసిందిగా కోరుతున్నాను.